ల్యాండింగ్ గేర్ స్ట్రట్ కుంగితే నైట్రోజన్ నింపితే చాలా?

విజయనగరం శిక్షణార్థి:
భోగాపురం విమానాశ్రయంపై ఆశతో విమానాల మెయింటెనెన్స్ కోర్సులో చేరాను. స్ట్రట్ (చక్రాల పైన ఉండి, లోపలి నైట్రోజన్, ఆయిల్‌తో తాకిడిని తట్టుకునే కాలు లాంటి భాగం) కుంగినట్టు కనిపిస్తే నైట్రోజన్ నింపితే సరిపోతుందా, ఆయిల్ కూడా చూడాలా? పెద్దలు దయచేసి వివరించగలరు.

శ్రీకాకుళం, విశ్రాంత టెక్నీషియన్:
బాబూ, నైట్రోజన్ ఒక్కటే నింపి ఊరుకోవద్దు. నిలిచి ఉన్న విమానం బరువును మోసేది నైట్రోజన్ అయితే, దిగేటప్పటి తాకిడిని సన్నని రంధ్రం గుండా పోతూ అణచేది ఆయిల్. ఆయిల్ తగ్గిన స్ట్రట్‌లో నైట్రోజన్ అదనంగా ఎక్కిస్తే ఎత్తు సరిగ్గానే కనిపిస్తుంది గానీ, విమానం గట్టిగా దిగిన రోజున స్ట్రట్ పూర్తిగా కుంగి లోపలి భాగాలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. అందువల్ల ప్రెషర్‌నూ, బయటికి కనిపించే పిస్టన్ పొడవునూ కలిపి, ఆ విమానం మాన్యువల్‌లోని చార్టుతో పోల్చాలి. ఆయిల్ చూడాలంటే ముందుగా నైట్రోజన్‌ను నెమ్మదిగా, పూర్తిగా వదిలేయాలి; ఈ పనిలో తొందర ప్రాణాపాయం.

విజయనగరం, మరో సభ్యుడు:
పై సమాధానానికి ఒక్క మాట చేరుస్తాను. మెరిసే పిస్టన్‌పై దుమ్ము పేరుకుంటే అది సీల్‌ను కోసి లీకు తెస్తుంది కనుక, పొడి గుడ్డతో రుద్దకుండా, మాన్యువల్ చెప్పిన హైడ్రాలిక్ ఆయిల్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మన తీరంలోని ఉప్పుగాలికి ఈ జాగ్రత్త మరీ అవసరం.

విజయనగరం శిక్షణార్థి:
ధన్యవాదాలండీ, ఎత్తు ఒక్కటే చూడటం నా పొరపాటని అర్థమైంది.