మిర్చి, పత్తి సర్టిఫికెట్ల రాతపని మీ ఊళ్లో ఎలా నడుస్తోంది? తెలిసినవాళ్లు చెప్పండి

పరకాల పత్తిచేను

అందరికీ నమస్కారం. మా ఊళ్లో చిన్న రైతులం కొందరం గ్రూపు కట్టుకుందామని అనుకుంటున్నాం. ఒక్కొక్కరికి రెండు మూడెకరాలు ఉంటుంది, ఎక్కువ పత్తి, కొంత మిర్చి, ఇంటి మందం వరి. మందులు తగ్గించడం మాకు కొత్తేమీ కాదు, వేప కషాయం, జీవామృతం ఎప్పటి నుంచో వాడుతున్నాం. కానీ కొనేవాళ్లకు నోటి మాట సరిపోదు, రాత చూపించమంటారు. ఒకాయన పీజీఎస్ అంటాడు, ఒకాయన బెటర్ కాటన్ అంటాడు, ఇంకొకాయన ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ లేకపోతే అంతా దండగ అంటాడు. నెట్‌లో వెతికితే నిబంధనలన్నీ ఇంగ్లిష్‌లో పేజీలకు పేజీలు ఉన్నాయి. మీలో ఎవరు ఏది చేశారు, తెలుగులో పనికొచ్చే సామాను ఎక్కడ దొరుకుతుంది, రాతపని ఎవరు చూసుకుంటున్నారు చెప్పండి.

జనగామ జీవామృతం

అన్నా, ముందు ఆ మూడూ వేర్వేరు అని మనసులో పెట్టుకోండి, లేకపోతే గ్రూపులో అందరూ తలోదారి అవుతారు. పీజీఎస్ అంటే రైతులే ఒకరి చేను ఒకరు చూసి హామీ ఇచ్చుకునే పద్ధతి. కనీసం 5 మంది ఉంటే లోకల్ గ్రూపు కట్టుకోవచ్చు, కేంద్ర వ్యవసాయ శాఖ కింద గజియాబాద్‌లో ఉన్న సేంద్రియ, ప్రకృతి వ్యవసాయ కేంద్రం నడుపుతుంది, పోర్టల్‌లో పేర్లు, సర్వే నంబర్లు, పంటలు ఎక్కించాలి. రసాయనాల నుంచి సేంద్రియానికి మారుతున్న కాలంలో పీజీఎస్ గ్రీన్, పూర్తిగా మారాక పీజీఎస్ ఆర్గానిక్ ఇస్తారు. ఇది దేశం లోపల అమ్ముకోవడానికే. బయటి దేశాలకు పోవాలంటే అపెడా అనే కేంద్ర ఎగుమతుల సంస్థ చూసే ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ కావాలి. దానికి బయటి తనిఖీ సంస్థ వస్తుంది, ఏడాది పంటలకు 2 సంవత్సరాలు, తోటలకు 3 సంవత్సరాలు మార్పు కాలం ఉంటుంది, సరుకు ఎవరి చేను నుంచి ఎక్కడికి పోయిందో ట్రేస్‌నెట్ అనే వాళ్ల ఆన్‌లైన్ రికార్డులో కనపడాలి. ఏడెనిమిది మందితో దాని జోలికి పోకండి, ఖర్చు మోయలేరు.

మాకు దగ్గర్లోనే లింగాల ఘనపురం మండలంలో ఏనబావి ఉంది కదా, 2006లోనే ఊరంతా రసాయనాలు మానేసిన చోటు. అక్కడివాళ్లతో మాట్లాడితే ఒకటి అర్థమవుతుంది. పక్కచేనువాడు కూడా మనతో ఉంటే సగం తలనొప్పి ఉండదు. ఊళ్లో తలా ఒక మూలన ఉన్న రైతులతో గ్రూపు కట్టకండి, గట్లు కలిసినవాళ్లతో కట్టండి. గాలికి పక్కచేను మందు మన చేను మీద పడితే రేపు శాంపిల్‌లో తేలేది మన పేరే. మేము సరిహద్దులో జొన్న ఒత్తుగా నాలుగు వరుసలు వేస్తున్నాం, అది పక్షులకూ పనికొస్తుంది, మందు తుంపర్లనూ కొంత ఆపుతుంది.

ఆదిలాబాద్ నల్లరేగడి

పత్తి విషయంలో ఒక మాట ఇప్పుడే చెప్పాలి, తర్వాత చెబితే లాభం లేదు. బీటీ విత్తనం, అంటే జన్యుమార్పిడి విత్తనం వేస్తే ఆర్గానిక్ సర్టిఫికెట్ రాదు, పీజీఎస్‌లో అయినా ఎన్‌పీఓపీలో అయినా. మన దగ్గర దుకాణంలో దొరికేది దాదాపు అంతా బీటీనే. బీటీ కాని విత్తనం కోసం విత్తే కాలానికి చాలా ముందు నుంచే అడగాలి. మా వైపు చేత్నా ఆర్గానిక్ లాంటి సంస్థలు ఎన్నో ఏళ్లుగా సేంద్రియ పత్తి రైతులతో పని చేస్తున్నాయి, అట్లాంటి వాళ్లను పట్టుకుంటేనే విత్తనం సంగతి తేలుతుంది. విత్తనం చేతికి రాకముందే అందరితో ప్రమాణపత్రం మీద సంతకాలు పెట్టించి, జూన్‌లో వాన పడగానే దుకాణానికి ఉరికితే ఆ ఏడాది అక్కడే అయిపోతుంది.

బెటర్ కాటన్ వేరే. అందులో బీటీకి అడ్డు లేదు, రసాయనాలు పూర్తిగా మానమని కూడా అనరు. ప్రమాదకరమైన మందులు మానాలి, నీళ్లు, నేల చూసుకోవాలి, పిల్లలను పత్తి ఏరడానికి పెట్టకూడదు, కైకిలి వాళ్లకు మందు కొట్టేటప్పుడు రక్షణ ఉండాలి. ఒక్క రైతు పోయి చేరలేడు, మీ ప్రాంతంలో ఆ ప్రోగ్రాం నడిపే సంస్థ ఉంటేనే. రైతు దగ్గర ఫీల్డ్ బుక్ ఉంటుంది, అది నింపాలి. అదనపు ధర హామీ ఏమీ ఉండదు, ఇది గ్రూపులో ముందే చెప్పండి. మాకు లాభం వచ్చింది ఖర్చు తగ్గడంలో. గులాబీ రంగు పురుగుకు ఎకరానికి 4 లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగా 3 రోజులు రెక్కల పురుగులు బుట్టకు 8 చొప్పున పడ్డాకే మందు గురించి ఆలోచిస్తాం. అంతకు ముందు పక్కాయన కొట్టిండని మనమూ కొట్టుడే ఉండేది.

నర్సంపేట ఎర్రబంగారం

మిర్చి గురించి నేను చెబుతాను. ఆర్గానిక్ మాట అటుంచండి, మామూలు మిర్చి కూడా ఇప్పుడు మందు అవశేషాలు చూసి కొంటున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మన జిల్లాలో ఎవరి చేతికి ఏది దొరికితే అది కొట్టారు, తోటలు పీకేసినవాళ్లు కూడా ఉన్నారు. ఆ భయం ఇంకా పోలేదు. ఇప్పటికీ తామర పురుగు కనబడితే దుకాణం ఆయన మూడు సీసాలు కలిపి ఇస్తాడు, మనం తెచ్చుకుంటాం.

మేము చేసిన పని ఇది, కావాలంటే మీరూ వాడుకోండి. ఏ పంటకు ఏ మందుకు అనుమతి ఉంది, మోతాదు ఎంత, కొట్టిన తర్వాత కోతకు ఎన్ని రోజులు ఆగాలి అనేది కేంద్ర పురుగుమందుల బోర్డు జాబితాలో ఉంటుంది. అది ఇంగ్లిష్‌లో, రసాయనం పేర్లతో ఉంటుంది. రైతుకు తెలిసేది కంపెనీ పేరు. అందుకని మిర్చి వరకు మేము తెలుగులో షీట్ చేసుకున్నాం. ఒక గడిలో రసాయనం పేరు, పక్కన మా మండలంలో అది ఏ సీసాల మీద ఉందో ఆ పేర్లు, దాని పక్కన సీసా మీద విషం ఎంతో చెప్పే ముక్కోణం రంగు, ఆ తర్వాత ఆగాల్సిన రోజులు. ఎర్ర ముక్కోణం ఉంటే వరుస మొత్తం ఎర్రగా కనబడుతుంది. చదవడం రాని పెద్దమనిషి కూడా ఫోన్ చేతిలో పట్టుకుని దుకాణంలో సీసా పక్కన పెట్టి చూసుకుంటున్నాడు. ఇది వచ్చాక దుకాణం ఆయనే "మీ షీట్‌లో ఏముంది" అని అడుగుతున్నాడు.

హనుమకొండ మహిళా సంఘం

నర్సంపేట అన్నా, షీట్ చాలా బాగుంది, కానీ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఇట్లాంటి జాబితాలు వాట్సాప్‌లో ఒకసారి బయటికి పోతే ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. అనుమతులు మారుతుంటాయి, కొన్ని మందులు ఆపేస్తారు. పాత షీట్ చూసి ఎవరైనా కొడితే వాళ్ల సరుకు పోతుంది. కాబట్టి పైన పెద్ద అక్షరాలతో ఏ నెలలో సరిచూశారు, ఎవరు చూశారు రాయండి, ఫొటో తీసి పంపడం మాన్పించి లింకు మాత్రమే పంపండి. సీసా మీద లేబుల్‌కూ షీట్‌కూ తేడా ఉంటే లేబులే నమ్మమని కూడా రాయండి.

రాతపని ఎవరు చేయాలి అని అడిగారు కదా పరకాల తమ్ముడు. మా దగ్గర చేసేది ఆడవాళ్లే, చాలా ఊళ్లలో అంతే. మగవాళ్లు చేను దగ్గర ఫొటో తీస్తారు, వాయిస్ పెడతారు, సాయంత్రం ఇంట్లో ఆమె పుస్తకంలో ఎక్కిస్తుంది. వాయిస్ ఇట్లా ఉంటుంది: "బావి కాడి మడి, పచ్చదోమ, వేప గింజల కషాయం అయిదు శాతం, ఆరు ట్యాంకులు, కొట్టింది నేనే, పొద్దున కొట్టిన." ఇది పుస్తకంలో ఒక వరుస. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేవన్నీ అందులో ఉన్నాయి. ఏ మడి, ఏ పురుగు, ఏం కొట్టారు, ఎంత, ఎవరు, ఎప్పుడు. మాకు మొదట ఇచ్చిన ఫారం నాలుగు పేజీలు, ఎవరూ నింపలేదు. తర్వాత దాన్ని ఒక వరుసకు తెచ్చాం. మందు కొట్టని రోజు కూడా రాయాలి, కలుపు తీసినా, ఎరువు చల్లినా రాయాలి, లేకపోతే పుస్తకం ఖాళీగా ఉండి అనుమానం వస్తుంది.

ఇంకోటి, కోత కాలంలో నెల రాతంతా ఒక్కరాత్రి కూర్చుని రాస్తే ఒకే పెన్ను, ఒకే చేతిరాత, పేజీకి ఒక్క మరక కూడా ఉండదు. చూసేవాళ్లకు అర్థమైపోతుంది. అందుకే ఫొటో, వాయిస్ తేదీతో ఉంచుకోమంటున్నా.

ములుగు కౌలు

నాకు పాసుపుస్తకం లేదు. మూడెకరాలు కౌలుకు చేస్తున్నా. ప్రతి ఫారంలోనూ పట్టాదారు వివరాలు అడుగుతారు. భూమి ఆయనేమో సంతకం అంటే భయపడతాడు, రేపు భూమి నాదంటానేమో అని. పైగా వచ్చే ఏడాది ఇదే భూమి నాకిస్తాడని నమ్మకం లేదు. రెండేళ్లు నేల మారాలంటున్నారు, ఆ రెండేళ్లు నా చేతిలో ఉంటేగా? మీరు చెబుతున్నవన్నీ మంచివే, కానీ సొంత భూమి ఉన్నవాళ్లకే.

జనగామ జీవామృతం

తమ్మీ, నువ్వన్నది నిజం, దీనికి సులువైన దారి లేదు. మా గ్రూపులో ఒక కౌలు రైతు ఉన్నాడు, ఆయన భూమి యజమానిని కూడా గ్రూపులోకి పిలిచాం. పంట వివరాలు కౌలు రైతువి, భూమి వివరాలు యజమానివి, ఇది భూమి హక్కు కాగితం కాదని తెలుగులో అరపేజీ రాసి ఇద్దరి సంతకాలూ, గ్రూపు వాళ్ల సంతకాలూ పెట్టించాం. నలుగురిలో చదివి వినిపించాక ఆయన ఒప్పుకున్నాడు. ఆ అరపేజీ నీకు పంపుతా. కౌలు కాలం కనీసం మూడేళ్లు ఉండేలా మాట్లాడుకో, అది లేకుండా నేల బాగుచేసే కష్టం నీది, ఫలితం ఇంకొకరిది అవుతుంది.

చేర్యాల రైతుబిడ్డ

అందరూ చేస్తున్నారు సరే, ఏనుమాముల మార్కెట్‌లో సర్టిఫికెట్ చూసి ఎవరైనా వంద ఎక్కువ ఇచ్చారా? అడ్తి దగ్గర అన్ని బస్తాలూ ఒక్కటే. మా నాన్న ఇదే అడుగుతాడు, నా దగ్గర జవాబు లేదు.

నర్సంపేట ఎర్రబంగారం

ఇవ్వరు తమ్మీ. యార్డులో రంగు, తేమ, తాలు ఎంత ఉంది, ఇవే చూస్తారు. సర్టిఫికెట్‌కు విలువ ఇచ్చేది ముందే మాట్లాడుకున్న కొనుగోలుదారు. కనుక ముందు కొనేవాణ్ణి చూసుకుని, ఆయన ఏది అడుగుతున్నాడో ఆ సర్టిఫికెట్‌కే పోవాలి. మన వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దాన్ని కూడా కొందరు ఆర్గానిక్ అనుకుంటున్నారు. జీఐ ఆ పంట ఏ ప్రాంతానిదో చెబుతుంది, మందు కొట్టారా లేదా చెప్పదు. రెండూ ఉంటే బలమే.

మిర్చికి సర్టిఫికెట్ కంటే ముందు కల్లం బాగుచేసుకోండి, ఇది నా గట్టి అభిప్రాయం. యూరప్‌కు పోయే మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్ 10 దాటకూడదు. ఆ విషం బూజు నుంచి వస్తుంది, మందు నుంచి కాదు. ఒక్క మందు కొట్టకుండా పండించిన కాయను కూడా మట్టి మీద పోసి, రాత్రి మంచుకు వదిలేసి, బస్తాలు తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లితే శాంపిల్ పోతుంది. మా దగ్గర టార్పాలిన్ మీదే ఆరబోస్తున్నాం, సాయంత్రం కుప్ప చేసి కప్పుతున్నాం, తేమ 10-11 శాతానికి వచ్చాకే బస్తా. నీళ్లు చల్లడం బంద్. బరువు తగ్గుతుందని అడ్తి దగ్గర మొదట బాధపడ్డవాళ్లు ఉన్నారు, నిజమే, తగ్గుతుంది. కానీ నిల్వలో నల్లబడడం తగ్గింది.

ఆదిలాబాద్ నల్లరేగడి

తెలుగులో దొరికేవి అడిగారు, నేను వాడేవి చెబుతా. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులోనే మాట్లాడతారు, ఓపికగా వింటారు. కేంద్రం 2024 ఆగస్టులో తెచ్చిన ఎన్‌పీఎస్ఎస్ యాప్‌లో పురుగు ఫొటో పెడితే చెబుతుంది, పత్తికి, మిర్చికి ఉంది, కాకపోతే యాప్ చెప్పిన మందు మీ సర్టిఫికెట్‌కు నప్పుతుందో లేదో మీరే చూసుకోవాలి. రైతు వేదికల్లో మంగళవారం రైతు నేస్తం వీడియో కార్యక్రమం ఉంటుంది, శాస్త్రవేత్తను నేరుగా అడగొచ్చు. మీకైతే మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం, వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గర. వాళ్లు చెప్పినదాన్ని రికార్డు చేసుకుని గ్రూపులో పెట్టండి. రెండు గంటల వీడియో పెట్టకండి, ఎవరూ చూడరు. ఒక్క పురుగు, ఒక్క పని, మూడు నిమిషాలు.

పరకాల పత్తిచేను

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రాత్రి గ్రూపులో అన్నీ చదివి వినిపించాను. మిర్చి, వరి చేలకు పీజీఎస్, పత్తికి ఈ ఏడాది ఏ సర్టిఫికెట్‌కూ పోకుండా బుట్టలు, పుస్తకం మాత్రమే అని అనుకుంటున్నాం. ఒకే రైతుకు రెండు రకాల చేలు ఉంటే పీజీఎస్‌లో ఒప్పుకుంటారా? పత్తికి వాడిన పంపే మిర్చికి వాడితే?

జనగామ జీవామృతం

రెండు రకాల చేల సంగతి పేర్లు ఎక్కించే ముందే పీజీఎస్ గ్రూపులను చూసే రీజినల్ కౌన్సిల్ వాళ్లను రాతలో అడగండి, మొత్తం భూమిని మార్చే ప్రణాళిక అడుగుతారు, దానికి మీరు సిద్ధంగా ఉండాలి. పంపు మాత్రం వేరే ఉండాల్సిందే, కడిగి వాడతాం అంటే కుదరదు. గ్రూపుకు కలిపి ఒకటి కొనుక్కుని దాని మీద ఆకుపచ్చ రంగు వేసి, ఒక్కరి ఇంట్లోనే పెట్టండి, తీసుకుపోయిన ప్రతిసారీ పుస్తకంలో పేరు రాయించండి. జీవామృతం డ్రమ్ములు కూడా పాత మందు డ్రమ్ములు వద్దు.

హనుమకొండ మహిళా సంఘం

ఒక్క వరుస పుస్తకం ఫారం ఇక్కడే పెడుతున్నా, ప్రింటు తీసుకోండి. కుడివైపు చివరి గడి ఖాళీగా వదిలాం, పక్కచేను వాళ్లు ఆ వారం ఏం కొట్టారో రాయడానికి. ములుగు తమ్ముడూ, నువ్వు కూడా తీసుకో, సర్టిఫికెట్ ఉన్నా లేకున్నా ఈ పుస్తకం నీ పేరు మీదే ఉంటుంది, చేను మారినా నీ వెంట వస్తుంది.