పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు: 2 కూడా వేస్తే మన 1కి దెబ్బా?

ప్రశ్న (కర్నూలు)
2022 నవంబరులో అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో గవర్నర్‌కూ సెనేటర్‌కూ ఒకే రోజు ఎన్నిక జరిగింది. ఓటర్లు 1, 2, 3 అని వరుస ఇచ్చినారు. మనకు గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు, రాజ్యసభకు ఎమ్మెల్యేలు ఓటేస్తారు. శాసన మండలికి జనం నేరుగా, అదీ వరుస సంఖ్యలతో ఓటేసేది పట్టభద్రుల, ఉపాధ్యాయుల స్థానాలకే. మన పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానానికి మళ్లా 2029లో ఎన్నిక. ప్రచారంలో మాత్రం "1 వేసి వదిలేయండి, 2 వేస్తే మనోడి ఓటు చీలుతుంది" అంటుంటారు. అది నిజమేనా? ఓట్లు చెల్లకుండా పోయేది ఎక్కడ?

జవాబు 1 (అనంతపురం)
నిజం కాదన్నా. మీరు 1 వేసిన అభ్యర్థి పోటీలో ఉన్నంతవరకు మీ 2ను ఎవరూ చూడరు. ఆయన ఎలిమినేట్ అయితేనే ఆ కాగితం 2 దగ్గరికి పోతుంది. 2 లేకపోతే అక్కడితో ఆగిపోతుంది, ఆ తర్వాత ఎవరు గెలవాలో తేల్చే లెక్కలో మీరు లేనట్టే.

లెక్క ఇట్ల. చెల్లిన ఓట్లను రెండుతో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలపాలి. అది కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు. 1,000 చెల్లితే 501. ఏ అభ్యర్థికి 460, బికి 445, సికి 95 వచ్చినాయి అనుకోండి. ఎవరూ 501కి చేరలేదు, సి బయటికి. ఆ 95 కాగితాల్లో 30 మంది 2 వేయలేదు. మిగతా 65లో 60 బికి, 5 ఏకి పోయినాయి. ఇప్పుడు బి 505, ఏ 465. మొదట ముందున్న ఏ ఓడిపోయినాడు. ఆ 30 మంది 2 వేసి అవన్నీ ఏకి పడినా 495 దగ్గరే ఆగేది, కానీ బికి పోయిన 60లో సగం ఇటు వచ్చి ఉంటే కథ వేరు.

2023 మార్చిలో మన దగ్గర జరిగింది ఇదే. 49 మంది పోటీ. మొదటి ప్రాధాన్యత ఓట్లలో వైఎస్సార్‌సీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రరెడ్డి ముందున్నారు. కింద ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తీసేసుకుంటూ వస్తే టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి 7,543 ఓట్ల తేడాతో గెలిచినారు. అలాస్కాలో గవర్నర్ డన్‌లీవీ మొదటి ప్రాధాన్యతతోనే సగం దాటేసినారు. సెనేటర్ మర్కౌస్కీకి మాత్రం ఎలిమినేట్ అయినవాళ్ల కాగితాలు కలిసినంక గానీ సగం దాటలేదు.

జవాబు 2 (కడప)
చెల్లకపోవడం గురించి నేను చెప్తా. ఇక్కడ ఈవీఎం ఉండదు, బ్యాలెట్ కాగితం. గుర్తులు కూడా ఉండవు, కాబట్టి అభ్యర్థి పూర్తి పేరు ముందే తెలుసుకుని పోవాల. ఒకే ఇంటిపేరున్నవాళ్లు, దగ్గర దగ్గర పేర్లవాళ్లు ఉంటారు.

పోలింగ్ సిబ్బంది ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే రాయాల. జేబులో పెన్ను తీసి రాస్తే ఓటు పోతుంది. పేరు ఎదురుగా ఉన్న గడిలో 1 అని అంకె వేయాల. టిక్కు పెట్టినా, ఇంటూ కొట్టినా, "ఒకటి" అని అక్షరాల్లో రాసినా చెల్లదు. సంతకం, పేరు, వేలిముద్ర ఏదీ ఉండకూడదు. 1 లేకుండా 2, 3 వేస్తే చెల్లదు, ఇద్దరికి 1 వేసినా అంతే. అన్నిటికంటే బాధ కలిగించేది, 1 రెండు గడుల మధ్య గీత మీద పడడం: ఆ ఓటు ఎవరిదో తేల్చలేక కాగితాన్నే పక్కన పెట్టేస్తారు. చదువుకున్నోళ్ల ఎన్నికలో ఇవి జరగడం అన్యాయం.

ఒకటి మాత్రం గుర్తుండాల. 2ను ఇద్దరికి వేసినా, 1 తర్వాత 2 వదిలేసి 3 వేసినా 1 చెల్లుతుంది. ఆపై వరుస మాత్రం పనికిరాదు.

ప్రశ్నించినవారు
కృతజ్ఞతలు అన్నా. 2023లో ఓటుంది కదా, మళ్లా నమోదు కావాల్నా?

జవాబు 3 (కర్నూలు)
కచ్చితంగా కావాల. ఈ జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు, పాతది రద్దు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, పోలింగ్ రోజు పోయి పేరు లేదని తిరిగొస్తారు. అసెంబ్లీ ఓటు ఉంటే ఇందులో దానంతటదే చేరదు.

ఫారం 18 నింపాల (ఉపాధ్యాయులది ఫారం 19). డిగ్రీ సర్టిఫికెట్ లేదా మార్కుల జాబితా నకలు, అటెస్టేషన్‌తో. అర్హత తేదీ నవంబరు 1, ఆ రోజుకు డిగ్రీ అయి మూడేళ్లు నిండాల. మూడేళ్లు లెక్కించేది ఫలితాలు ప్రకటించిన తేదీ నుంచి, కాన్వొకేషన్ నుంచి కాదు. ఇంటివాళ్ల ఫారాలు ఒకరు తీసుకుపోయి ఇవ్వొచ్చు, పార్టీ వాళ్లు కట్టలు కట్టి తెచ్చిస్తే తీసుకోరు. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు పేరు, పోలింగ్ కేంద్రం చూసుకోండి, అభ్యంతరాలకు గడువు తక్కువ.

ఇంకోటి, 2022లో జిల్లాలు విడిపోయినా ఈ స్థానానికి పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల హద్దులే. నంద్యాల, పుట్టపర్తి, రాజంపేట వాళ్లు ఇందులోనే. మదనపల్లె, పీలేరు పాత చిత్తూరు జిల్లావి కాబట్టి వాళ్ల ఓటు పక్క నియోజకవర్గంలో.