దీర్ఘశ్వాస తీస్తుంటే తల తేలిపోతోంది, తప్పెక్కడ?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
పొద్దున్నే మేడ మీద కూర్చుని గుండెల నిండా గాలి పీల్చి వదులుతున్నాను, వరసగా 20 సార్లు. పదోసారికే తల తేలిపోతోంది, పెదాలూ వేళ్లూ చిమచిమలాడుతున్నాయి. ఆక్సిజన్ ఎక్కువైతే ఇలా అవుతుందా? మేడ పక్కనే అవుటర్ రింగ్ రోడ్డు.

జవాబు 1:
ఎక్కువైంది ఆక్సిజన్ కాదండీ, తగ్గింది కార్బన్ డయాక్సైడ్. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో ఆక్సిజన్ ఎలాగూ 95 శాతం పైనే ఉంటుంది, ఎంత లాగినా పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఇట్టే బయటికి పోతుంది. దాంతో మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, తల తేలుతుంది. రక్తంలో ఆమ్లగుణం తగ్గి, నరాలకి అందే కాల్షియం కూడా తగ్గుతుంది, అదే ఆ చిమచిమ. ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకుంటే కాసేపట్లో సర్దుకుంటుంది.

‘గుండెల నిండా’ అన్నారే, అక్కడే ఉంది తిరకాసు. ఛాతీతో కాదు, పొట్ట కదిలేలా పీల్చాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, బొడ్డు మీద ఓ పుస్తకం పెట్టుకోండి. ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా పీలిస్తే పుస్తకం లేవాలి, 6 లెక్కపెట్టేదాకా వదిలితే దిగాలి. లెక్కకో సెకను చొప్పున, అంటే నిమిషానికి 6 శ్వాసలు. భుజాలు లేస్తున్నాయంటే మెడ కండరాలతో లాగుతున్నట్టే. పొట్ట బిగించి తోసినా పుస్తకం లేస్తుంది, మోసపోకండి! మొదటి వారం 5 నిమిషాలు చాలు.

అడిగినవారు:
6 దాకా గాలి ఆగట్లేదు. మూడుకే అయిపోయి మళ్లీ ఆత్రంగా లాగాల్సొస్తోంది.

జవాబు 1:
మొదటి రెండు లెక్కల్లోనే గాలంతా వదిలేస్తున్నారు. వేడి పాలు ఊదినట్టు పెదాలు సన్నగా పెట్టి వదలండి. అప్పటికీ కాకపోతే 3 పీల్చి 4 వదలండి. మధ్యలో బిగపట్టొద్దు.

జవాబు 2:
ఆ మేడ మానేయండి. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలనంటి ఉంటుంది, బళ్ల పొగ పైకి పోదు. రోడ్డు వైపు కిటికీలు మూసి లోపలి గదిలో చేసుకోవడం మేలు. తుమ్ములొచ్చే ఒళ్లయితే వయ్యారిభామ కలుపు మొక్కలు పూసిన ఖాళీ సైట్ల దగ్గర అసలొద్దు. తిన్నాక కనీసం రెండు గంటలు ఆగండి.

కపాలభాతిని దీంతో కలపకండి, అది పొట్టని కుదిపి గాలి తోసేది. బీపీ ఎక్కువున్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోకూడదు. ఆస్తమా ఉంటే ఈ సాధన ఇన్‌హేలర్‌తో పాటే, దానికి బదులు కాదు. మామూలుగా కూర్చున్నప్పుడు కూడా తల తిరిగినా, ఛాతీ నొప్పి ఉన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.