బల్లెం పట్టుకున్న దొరసాని వెండి బిళ్ళలు: అసలువేనా, ఎంత పలుకుతాయి?

టెక్కలి అబ్బాయి: పొద్దున్నుంచి ఇదే పని, తల వేడెక్కిపోయింది. మా ముత్తాత రంగం (రంగూన్) నుంచి తెచ్చిన ట్రంకుపెట్టెలో ఐదు పెద్ద వెండి బిళ్ళలు దొరికాయి. ఒక పక్క బల్లెం పట్టుకుని నిలబడ్డ దొరసాని, రెండో పక్క చైనా అక్షరం. శ్రీకాకుళంలో ఒక షరాబు కొట్టుకి తీసుకెళ్తే గీటురాయి మీద గీకి, కరిగించే వెండే, తులాల లెక్కన ఇస్తానన్నాడు. వీడియోల్లో చూస్తే లక్షలంటున్నారు. ఎవర్ని నమ్మాలి? ఫొటో పెట్టాను, విలువ చెప్పండి చాలు.

తూనికరాయి: బరువెంత? ఏ సంవత్సరాలు? రెండో పక్క ఫొటో ఏదీ?

టెక్కలి అబ్బాయి: వన్ డాలర్ అని ఫొటోలోనే ఉంది కదండీ. బరువు షరాబు చూశాడు, నాకు చెప్పలేదు.

బొబ్బిలి మాస్టారు: బాబూ, అమ్మే ముందు చట్టం తెలుసుకో. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 చట్టం. నూరేళ్ళు దాటిన నాణెం దేశం దాటించకూడదని 1972 చట్టం. విదేశం నుంచి ఎవరో కొంటామన్నారని పార్సిల్ కట్టేవాళ్ళని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

టెక్కలి అబ్బాయి: పెట్టెలో దొరికాయనే రాశాను మాస్టారూ.

ఇచ్ఛాపురం: రంగం అంటున్నారు, అదే నాకు కుదరడం లేదు. రంగూన్‌లో చలామణీ అయ్యింది మన రూపాయి. దొరసాని డాలరు సింగపూర్, పినాంగు, హాంకాంగ్ వైపు సరుకు. మన జిల్లా నుంచి రబ్బరు తోటలకి వెళ్ళినవాళ్ళు చాలామంది, మీ ముత్తాత మలయా వెళ్ళలేదూ?

టెక్కలి అబ్బాయి: నానమ్మని అడిగాను. ముందు పినాంగట, తర్వాత రంగం. మా ఇంట్లో సముద్రం దాటితే అంతా రంగమే అంటారు.

నాణేలపెట్టె: అయితే ఇది బ్రిటిష్ ట్రేడ్ డాలర్, అంటే తూర్పు దేశాల వర్తకం కోసం వేసిన వెండి నాణెం. 1895 నుంచి 1935 వరకు వేశారు, ఎక్కువ భాగం బొంబాయి టంకశాలలోనే. చేతిలో ఉన్నది బల్లెం కాదు, త్రిశూలం. నడిమి మొన మీద భూతద్దం పెట్టి చూడండి, నువ్వుగింజంత బి అక్షరం కనిపిస్తే బొంబాయిది. బరువు 26.95 గ్రాములు, వెండి నూటికి 90 పాళ్ళు. అరిగిన నాణెం కొద్దిగా తగ్గుతుంది, అది మామూలే. 22, 23 చూపిస్తే మాత్రం అనుమానించండి. అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి అసలే అనుకోవద్దు, ఇత్తడీ రాగీ కూడా అంటుకోవు. మంచి పరీక్ష ఇంట్లోనే అవుతుంది: డిజిటల్ త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో నీళ్ళలో పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీయండి. నాణెం బరువు 27 దగ్గర ఉండి, ఇక్కడ 2.6 గ్రాముల దగ్గర చూపిస్తే వెండే, 3.0 అయితే వేరే లోహం. ఇక అరుగుదల: శిరస్త్రాణం, త్రిశూలం పట్టుకున్న వేళ్ళు, డాలు మీది గీతలు, ముందు అరిగేవి ఇవే. వేళ్ళు విడివిడిగా తెలుస్తుంటే వెండి ధర దాటి పలుకుతుంది, అంతా నున్నగా ఉంటే దాదాపు వెండి ధరే. చిన్న చిన్న ముద్రలు గుచ్చి ఉంటే చైనా వర్తకులవి. కొందరికి అవే ఇష్టం, ఎక్కువమంది ధర తగ్గిస్తారు. ఒక్కటే బతిమాలుతున్నా, తోమకండి.

టెక్కలి అబ్బాయి: అయ్యో. ఫొటో బాగా రావాలని నిన్న మూడింటిని చింతపండుతో తోమేశామండి. అది చెప్పాలని తోచలేదు.

నాణేలపెట్టె: లైటు కింద కొంచెం వంచి చూడండి. సన్నటి గీతలు ఒకే వైపుకి వెంట్రుకల్లా మెరుస్తాయి. అక్షరాల సందుల్లో మసి మిగిలి, చదునైన చోట తెల్లగా ఉంటే కొనేవాడికి క్షణంలో తెలిసిపోతుంది. ఆ నలుపు నూరేళ్ళది, మళ్ళీ తెచ్చిపెట్టలేం. మిగిలిన రెండింటినీ కాగితంలో చుట్టి పక్కన పెట్టండి, నూనె కూడా రాయొద్దు.

రాజాం రాము: షరాబు ఇస్తానన్నది ఏ తులం లెక్కో అడగండి. ఇప్పుడు కొట్లలో 10 గ్రాములు తులమంటున్నారు, అసలు తులం 11.66.

బొబ్బిలి మాస్టారు: ఆ 10 గ్రాముల దాన్ని తులం అనడమే తప్పు. పాత రూపాయి బరువే తులం.

రాజాం రాము: మాస్టారూ, బజారులో ఏది నడిస్తే అదే తులం. 26.95 గ్రాములంటే పాత లెక్కలో రెండుంపావు పైచిలుకు, కొట్టు లెక్కలో దాదాపు 2.7 తులాలు. పాత తులాలు లెక్కగట్టి కొత్త తులం డబ్బులిస్తే మోసపోయేది ఈ అబ్బాయే.

బొబ్బిలి మాస్టారు: అందుకే గ్రాముల్లో రాయించుకోమంటాను. మాట మాత్రం మార్చకూడదు.

తూనికరాయి: తులం గొడవ ఆపండి. బరువెంత బాబూ?

టెక్కలి అబ్బాయి: కిరాణా కొట్టులో తూయించాను. నాలుగు 26.7 నుంచి 26.9 మధ్య. ఐదోది 23.1, నీళ్ళలో 2.8 చూపించింది. మొన మీద బి నాలుగింటికీ ఉంది, ఐదోదానికి లేదు. తోమనివి రెండూ 1902, 1903. వేళ్ళు తెలుస్తున్నాయి.

నాణేలపెట్టె: బరువు 23.1ని నీళ్ళలో చూపిన 2.8తో భాగిస్తే 8.25, ఇత్తడి లెక్క; ఈ వెండికైతే 10.3 దగ్గర రావాలి. ఐదోది పక్కకి తీసేయండి. తోమని ఆ రెండూ కరిగించే వాళ్ళకి ఇవ్వకండి.

టెక్కలి అబ్బాయి: సరేనండి, థాంక్స్. నానమ్మ ఐదోది ఇవ్వనంటోంది, అది ముత్తాత జేబులో ఎప్పుడూ ఉండేదట.