బ్రెండన్ గ్లీసన్: కథానాయకుడా, క్యారెక్టర్ ఆర్టిస్టా?

నేలటికెట్:
'ద బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్'కు 2023 ఆస్కార్లలో కాలిన్ ఫారెల్‌కు ఉత్తమ నటుడి నామినేషన్, గ్లీసన్‌కు సహాయ నటుడి నామినేషన్ ఇచ్చారు. ఇది అన్యాయం. స్నేహం తెంచుకునేది గ్లీసన్ వేసిన ఫిడేలు వాద్యకారుడు కోల్మ్. స్నేహితుడు పాడ్రిక్ (ఫారెల్ పాత్ర) ఇంకోసారి పలకరిస్తే తన వేలు నరుక్కుంటానని పంతం పట్టేదీ అతనే. అదే దర్శకుడు మార్టిన్ మెక్‌డోనా తీసిన 'ఇన్ బ్రూజ్' (2008)కు గోల్డెన్ గ్లోబ్స్‌లో ఈ ఇద్దరూ ప్రధాన నటుల విభాగంలోనే పోటీ పడ్డారు, ఫారెల్ గెలిచాడు. అప్పటి సమానులు ఇప్పుడెలా ఎక్కువ తక్కువయ్యారు?

ఎడిటింగ్_టేబుల్:
గొడవ మొదలెట్టినంత మాత్రాన కథానాయకుడు కాడండీ. కెమెరా ఎవరి వెంట ఇంటికెళ్తుందో చూడండి. పాడ్రిక్ తోబుట్టువు, అతని గాడిద, అతని ఒంటరితనం అన్నీ మనకు దగ్గరగా తెలుస్తాయి. కోల్మ్ మనసు మాత్రం మూసే ఉంటుంది, ఉండాలి కూడా. కారణం పూర్తిగా విప్పి చెబితే సినిమాకు పట్టు పోతుంది.
ఇంకోటి, ఆస్కార్ల్లో విభాగాన్ని స్టూడియో తేల్చదు, ప్రచారం మాత్రమే చేస్తుంది. నటుల శాఖ సభ్యులు ఓటేసేటప్పుడు ఎవరికి వారు నిర్ణయించుకుంటారు.

ఫిడేలు_తీగ:
ఇద్దరూ వదిలేసిన సంగతొకటి. వాయించడం రాని నటుడైతే కమాను పట్టిన కుడిచెయ్యి, తీగలు నొక్కే ఎడమచేతి వేళ్లు పాటతో కలవవు. అప్పుడు వేరేవాళ్ల చేతుల క్లోజప్‌కు కట్ చేయాలి. గ్లీసన్‌కు ఫిడేలు నిజంగానే వచ్చు, 'కోల్డ్ మౌంటెన్' (2003)లోనూ వాయించాడు. అందుకే ముఖం, చేతులు ఒకే షాట్‌లో ఉంచొచ్చు. కోల్మ్ కట్టే ట్యూన్ కూడా గ్లీసన్ కట్టిందే! కోల్మ్ నరుక్కునేవి ఎడమచేతి వేళ్లు, అంటే స్వరం పలికించేవి. ఆ చేతిని అంతసేపు చూశాం కాబట్టే నొప్పి మనకు తగులుతుంది.

నేలటికెట్:
నేను చెప్పేదీ అదే. 'కాల్వరీ' (2014) మొదటి సన్నివేశం తీసుకోండి. వచ్చే ఆదివారం నిన్ను చంపుతానని చర్చిలో పాప నివేదన గదిలో ఎవరో పాదిరి గ్లీసన్‌తో చెబుతుంటే, మాట్లాడేవాడు కనపడడు, గ్లీసన్ ముఖమే కనిపిస్తుంది. సినిమా బరువంతా అక్కడే ఆ ముఖం మీద పడింది. 'ద జనరల్' (1998)లో దొంగ మార్టిన్ కాహిల్, 'ద గార్డ్' (2011)లో పోలీసు సార్జెంట్, రెండూ ప్రధాన పాత్రలే. టీవీలో 1991లో 'ద ట్రీటీ'లో ఐర్లండ్ స్వాతంత్ర్య నేత మైకేల్ కాలిన్స్‌గా వేశాడు. 2009లో 'ఇంటు ద స్టార్మ్'లో చర్చిల్‌గా ప్రధాన నటుడి ఎమ్మీ తెచ్చుకున్నాడు. 1921 బ్రిటన్-ఐర్లండ్ ఒప్పందం దగ్గర బల్లకు చెరోవైపు కూర్చున్నవాళ్లిద్దరినీ ఒక్క నటుడే మోశాడన్నమాట!

ఎడిటింగ్_టేబుల్:
వాటిని కాదనను. కానీ మీరు లెక్కపెట్టినవాటిలో ఎక్కువ భాగం ఐర్లండ్ గడ్డమీది కథలు. హాలీవుడ్ పెద్ద బడ్జెట్లలో ఆయనకు దక్కినవి పక్క పాత్రలే: 'బ్రేవ్‌హార్ట్'లో హేమిష్, హ్యారీ పాటర్‌లో మూడీ. ఆ మూడీలోనూ పని చూడండి. 2005 సినిమాలో చాలాసేపు మనం చూసేది మారువేషంలో ఉన్న మరొకణ్ని. ఆ మారువేషగాడి అసలు రూపంగా వేసిన డేవిడ్ టెనంట్‌కూ, గ్లీసన్‌కూ నాలుక బయటికాడించే అలవాటు ఒక్కటే. గుట్టు బయటపడే వరకూ గ్లీసన్ దాన్ని దాచి దాచి వాడాడు. క్యారెక్టర్ ఆర్టిస్టు అన్నది తక్కువ మాట అని మీరనుకుంటున్నారు, నేననుకోవడం లేదు.

నేలటికెట్:
తక్కువని కాదు. 'కాల్వరీ' చూడనివాళ్లు ఆ మాట దగ్గరే ఆగిపోతారని.