‘నిగెరు వ హజి ద గ యకు ని తత్సు’: తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
ఇది జపాన్‌లో టీబీఎస్ చానెల్ 2016 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మంగళవారం రాత్రుళ్ళు 11 భాగాలుగా వేసిన సరదా ప్రేమకథా సీరియల్ పేరు. ఉమినో త్సునామి గీసిన బొమ్మల కథ దీనికి మూలం. ‘సిగ్గైనా సరే, పారిపోవడమే మేలు’ అంటే సరిపోతుందా? లేక ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అని మన సామెతే పెట్టేయొచ్చా?

జవాబు:
‘మేలు’ వద్దండి. మూలంలో మేలు ఊసే లేదు. ముక్కలు విడదీసి చూడండి. ‘నిగెరు’ అంటే పారిపోవు. ‘వ’ మన ‘అనేది’ లాంటి ప్రత్యయం. ‘హజి’ తలవంపు. ‘ద గ’ అంటే ‘తలవంపే గానీ’ అన్నప్పటి ‘ఏ గానీ’. ఇక ‘యకు ని తత్సు’ చూస్తే ముచ్చటేస్తుంది. ‘యకు’ పని, ‘ని’ మన ‘కి’, ‘తత్సు’ నిలబడు. వాళ్ళకి పనికి నిలబడుతుంది, మనకి పనికి వస్తుంది. విభక్తితో సహా ఒకటే అల్లిక. చేతికి అందినట్టున్న ‘పనికొస్తుంది’ని వదిలి ‘మేలు’ దాకా పోనక్కర్లేదు.

ఇంకొకటి. మామూలు జపనీస్‌లో క్రియను నామవాచకంగా వాడాలంటే ‘నిగెరు కొతొ వ’ అనో ‘నిగెరు నొ వ’ అనో అంటారు. ఇక్కడ ‘నిగెరు’ మీదే నేరుగా ‘వ’ పడింది. అది పాతభాష పద్ధతి, సామెతల్లో నిలిచిపోయింది. ‘కికు వ ఇత్తొకి నొ హజి, కికను వ ఇష్షో నొ హజి’ అని వాళ్ళ సామెత: అడిగితే ఒక్క క్షణం తలవంపు, అడక్కపోతే జన్మంతా తలవంపు. అదే ఎత్తుగడ, అదే ‘హజి’. అందుకే సీరియల్ పేరు వినగానే అక్కడివాళ్ళ చెవికి సామెతలా తగులుతుంది. తెలుగు కూడా అలాగే తగలాలి.

ఇంకో జవాబు:
పైవారు చెప్పింది నిజం. నా పేచీ ‘సిగ్గు’తో. మనకి పెళ్ళిచూపుల్లో తల దించుకోవడమూ సిగ్గే, నలుగురిలో పరువు పోవడమూ సిగ్గే. ‘హజి’ రెండోది మాత్రమే. దాని చుట్టం ‘హజుకషీ’ అనే విశేషణం మాత్రం రెంటికీ చెల్లుతుంది. ఈ కథకి ఆ తేడా ముఖ్యం. కథానాయకుడు త్సుజకి హిరమస తనని తాను ‘పురో నొ దొకుషిన్’ అనుకుంటాడు, అంటే ఆరితేరిన బ్రహ్మచారి. అమ్మాయి దగ్గరికొస్తే బిగుసుకుపోతాడు. (దీనికి ‘ఘోటక బ్రహ్మచారి’ పనికిరాదు. అది పిల్ల దొరక్క మిగిలిపోయినవాణ్ణి అనే మాట. ఇతను ఇలా ఉండటం తన నేర్పు అనుకుంటాడు.) పేరులో ‘సిగ్గు’ పెడితే, బిడియపడి పారిపోయే కుర్రాడి కథ అనుకుంటారు. ఇక్కడ సంగతి నలుగురూ ఏమనుకుంటారోనని. దానికి ‘నామోషీ’ సరిగ్గా అతుకుతుంది. బిడియం అనే అర్థం అందులోకి ఎటునుంచీ రాదు.

ప్రశ్నించినవారు:
‘నామోషీ’ బాగుందండీ. మరి బలుసాకు సంగతి? అర్థం దగ్గరదే కదా?

జవాబు:
అర్థం దగ్గరదే, చోటు వేరు. మూలం జపాన్ సామెతే కాదు, హంగరీది: ‘సేగ్యెన్ అ ఫుతాష్, దె హస్నోష్’. తలవంపే పరుగు, కానీ ఉపయోగం. జపనీస్‌లో ఇదే దారిలో సొంత సామెతలు ఉన్నాయి. ‘నిగెరు గ కచి’ అంటే పారిపోవడమే గెలుపు. చైనా నుంచి వచ్చిన ‘సంజూరొక్కెయ్ నిగెరు ని షికజు’ అంటే ముప్పై ఆరు ఎత్తుల్లోనూ పారిపోవడాన్ని మించింది లేదు. పేరుకి ఎంచుకున్నది మాత్రం పరాయి ఊరి సామెత. కట్టుబడి సామెతది, మాట కొత్తది. బలుసాకు పెడితే ఆ కొత్తదనం పోతుంది. పైగా ‘గెలుపు’ సామెతలో తలవంపు మాయమైపోతుంది, హంగరీ సామెత తలవంపును ఒప్పుకుని ముందుకి పోతుంది. కథ బలమంతా ఆ ‘ఏ గానీ’లోనే ఉంది.

‘పని’ని అస్సలు వదలొద్దు. కథానాయిక మొరియమ మికురి ఉద్యోగం పోయి, హిరమస ఇంట్లో జీతానికి ఇంటిపని చేసి, ఆనక కాగితం రాసుకుని ‘భార్య’గా ఉద్యోగంలో చేరుతుంది. లెక్క కూడా చూపిస్తారు: ఇల్లాలు ఏడాదికి 2,199 గంటలు జీతం లేకుండా చేసే పని విలువ 30 లక్షల 41 వేల యెన్లు. గంటకి సుమారు 1,383. జపనీస్ ‘యకు’కి వేషం, పాత్ర అనే అర్థం కూడా ఉంది, మికురి వేసేది భార్య వేషం. తెలుగు ‘పని’లో వేషం లేదు గానీ ఇంటిపని ఉంది. ఒకటి పోయి ఒకటి దక్కింది.

ఇంకొకరు:
‘పరుగు నామోషీయే గానీ పనికొస్తుంది’ అంటే పొట్టిగా ఉంటుంది కదండీ? హంగరీ ‘ఫుతాష్’ కూడా పరుగే.

జవాబు:
పొట్టిదే. కానీ మన ‘పరుగు’ పందెంలోనూ ఉంటుంది, బస్సు వెనకా ఉంటుంది. తప్పించుకోవడం వినపడదు. జపనీస్ పేరు నాలుగు, నాలుగు, అయిదు మాత్రలుగా నడుస్తుంది: నిగెరువ, హజిదగ, యకునితత్సు. మనకి ఆ లెక్క కుదరక్కర్లేదు, మన పట్టు యతిలో ఉంది. ‘పారిపోవడం నామోషీయే గానీ పనికొస్తుంది’ అన్నప్పుడు ‘పా’కీ ‘ప’కీ మైత్రి దానంతటదే పడింది. నోట్లో నిలిచేది అదే.

మొదట జవాబిచ్చినవారు:
నా ఓటూ దీనికే. బలుసాకుని పారేయనక్కర్లేదు, రెండో భాగంలో వాడుకోవచ్చు. అక్కడ హిరమస ఈ హంగరీ సామెత చెప్పి, తలవంపు దారిలోనైనా బతికి బయటపడటమే ముఖ్యం అని మికురికి నచ్చజెపుతాడు. సామెతని పేరులో ఉన్నట్టే ఉంచి, తర్వాతి మాటకి ‘ముందు బతకాలి, బతికుంటే బలుసాకైనా తినొచ్చు’ అని వేస్తే ఎక్కడా అతుకు కనపడదు. ఒక్కటి చూసుకోండి: వాళ్ళిద్దరూ పెళ్ళయ్యాక కూడా ‘మికురి-సన్’, ‘హిరమస-సన్’ అనే పిలుచుకుంటారు. అక్కడ ‘నువ్వు’ రాకూడదు, ‘మికురి గారూ, మీరు’ అనే రావాలి.