మాంటె క్రిస్టో: నా పుస్తకంలో రోమ్ కథ ఎక్కడికి పోయింది?

అందరికీ నమస్కారం. అలెగ్జాండర్ డ్యూమా రాసిన 'ద కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో' చదివినవాళ్ళు కాస్త సాయం చేయండి.

పాత పుస్తకాల బండి మీద 80 రూపాయలకు ఇంగ్లిష్ అనువాదం దొరికింది. షాటో డిఫ్ జైలు, తోటి ఖైదీ ఫారియా ముసలాయన, ఆయన శవం బదులు హీరో ఎడ్మండ్ తనే సంచిలో దూరి సముద్రంలో పడటం... ఆ రాత్రి నిద్రపోలేదంటే నమ్మండి. తర్వాతే తేడా కొట్టింది. పారిస్‌లో ఆల్బర్ట్ (ఎడ్మండ్ శత్రువు కొడుకు) తన స్నేహితులకు "రోమ్‌లో బందిపోట్ల నుంచి నన్ను కాపాడింది ఈయనే" అని కౌంట్‌ని (అంటే పేరు మార్చుకున్న ఎడ్మండ్‌నే) పరిచయం చేస్తాడు. ఆ రోమ్ ఘట్టమే నా పుస్తకంలో లేదు! అసలు నవల 117 అధ్యాయాలట, నా దగ్గరున్నవి 71. అట్ట మీద 'సంక్షిప్తం' అని ఒక్క ముక్క వేస్తే ఏం పోయింది?

1844 నుంచి 1846 దాకా పేపర్లో సీరియల్‌గా వచ్చింది కాబట్టి సాగదీత ఉంటుందని తెలుసు. అయినా మొత్తం చదవాలనే ఉంది. రాబిన్ బస్ అనువాదం పూర్తిదేనా? చదవడానికి తేలిగ్గా ఉంటుందా?

ఇంకోటి. మా ఆవిడ పుస్తకం ముట్టదు, సినిమా అయితే చూస్తానంటోంది. 2002 హాలీవుడ్ సినిమాలో ఆల్బర్ట్‌ని ఏకంగా ఎడ్మండ్ కొడుకుని చేసేశారు, కౌంట్ దగ్గరుండే గ్రీకు యువతి హైదీ ఊసే లేదు. అది వద్దు. 1998లో డెపార్డ్యూ చేసిన నాలుగు భాగాల సిరీస్ మంచిదా, 2024లో పియేర్ నినే చేసిన మూడు గంటల ఫ్రెంచ్ సినిమానా? రెండూ చూసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.